నిన్నటి అలసందలు

ఆపరేషన్ బల్ల మీద పడుకోబెట్టి, చేతికి సెలైన్ సూది గుచ్చి, ఇక మత్తు ఎక్కించడమే తరువాయి అనుకుంటున్నప్పుడు శేషయ్య భళ్ళున కక్కుకున్నాడు.

అన్నం. ఇప్పుడే తిన్నట్టు మెతుకు మెతుకుగా ఉంది.

నంద్యాలలోని ఆ ఆసుపత్రి డాక్టరు చేతి తొడుగులు విప్పి చెత్తబుట్టలోకి విసిరి బయటికి వచ్చాడు. తలుపు దగ్గర శేషయ్య కొడుకు సురేష్ నిలబడి ఉన్నాడు.

"రాత్రి నుంచి ఏమీ పెట్టొద్దని చెప్పానా లేదా?"

"పెట్టలేదు సార్."

"మరి ఆ అన్నం ఎక్కడిది? ఆకాశంలోంచి పడిందా? ఇంకాస్త ఆగి కక్కుకుని ఉంటే ఏమయ్యేదో తెలుసా? మత్తులో ఉన్న మనిషికి దగ్గు రాదు. పొట్టలోది గొంతులోకి వస్తుంది, అటునుంచి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మనిషి బల్ల మీదే పోతాడు. అప్పుడు మీరే వచ్చి మా అద్దాలు పగలగొడతారు. తీసుకుపోండి!"

సురేష్ లోపలికి వెళ్ళి నాయనను లేపి కూర్చోబెట్టాడు. నాయన పిత్తాశయంలో రాళ్ళున్నాయి. ఇప్పటికే ఒకసారి నొప్పితో నేల మీద దొర్లాడు. మళ్ళీ వస్తే లోపల చీము పట్టి పగిలిపోవచ్చు, తొందరగా తీసేయాలి అని చెప్పింది కూడా ఈ డాక్టరే. ఇప్పుడు పొమ్మంటున్నది కూడా ఈ డాక్టరే.

కారు ఆళ్ళగడ్డ దారి పట్టి సిరివెళ్ల దాటింది. ఆ తర్వాత సురేష్ ఆపుకోలేకపోయాడు.

"నాయనా, నిజం చెప్పు. ఏం తిన్నావ్?"

"ఏం తినల్యా రా."

"మళ్ళ ఆ అన్నం యాడిది?"

"నాకేం తెలుసు? నా కడుపులోకి దిగి సూసినానా నేను?"

వెనక సీట్లో ఉన్న తల్లి కొండమ్మ వైపు సురేష్ అద్దంలోంచి చూశాడు. ఆమె చటుక్కున రెండు చేతులూ ఎత్తింది.

"నా పక్క సూడాకురా. నేను పెట్టల్యా. కావాలంటే అహోబిలం సామి మీద ప్రమాణం చేస్తా. ఆయప్పను గూడ చెయ్యమను."

"చేస్తా," అన్నాడు శేషయ్య. "ఆ నరసింహసామి సాక్షిగా నేను మెతుకు ముట్టల్యా. సరిపోయిందా? ఇంగ బండి తోలు."

సరిపోలేదు. సురేష్‌కు నంద్యాలలో సీసీ కెమెరాల దుకాణం ఉంది. రోజూ ఆళ్ళగడ్డ నుంచి పోయి వస్తుంటాడు. దొంగతనం జరిగిన దుకాణాల్లో "నేను తీయలేదన్నా" అని పిల్లల మీద ఒట్టు వేసిన పనివాళ్ళను ఎందరినో చూశాడు. కెమెరాలో బొమ్మ చూపించగానే ఆ ఒట్లన్నీ గాలికి పోయేవి. ప్రమాణాల మీద అతనికి నమ్మకం ఏనాడో పోయింది.

అదీ కాక నాయన మీద పాత అనుమానం ఒకటి ఉంది. శేషయ్యకు ఇరవై ఏళ్ళుగా షుగర్. ఈ మధ్య ఇన్సులిన్ వేసుకుని, అన్నం తిని లేచిన కాసేపటికే చెమటలు పట్టి, చేతులు వణికి కూలబడుతున్నాడు. షుగర్ పడిపోయిందని నోట్లో చక్కెర పోసిన ప్రతిసారీ ఇంట్లో ఇదే గొడవ. "సూది వేసుకుని తినకుండా లేచినావు గదా?" "తిన్నా." "తింటే ఎట్ల పడిపోతాది?" పళ్ళెంలో సగం వదిలేసేవాడు, రెండు ముద్దలకే గొంతు దాకా వచ్చిందనేవాడు. అది వంక అనుకున్నారు అందరూ.

ఆ రోజు ఇంట్లో అడుగు పెడుతూనే శేషయ్య తువ్వాలు విసిరికొట్టాడు.

"తింటే తినలేదంటారు. తినకపోతే తిన్నావంటారు. మీతో ఎట్ల సావాలప్పా నేను?"

రెండోసారి సురేష్ ఏర్పాట్లు గట్టిగా చేశాడు. డాక్టరును బతిమాలి ఇంకో తేదీ తీసుకుని, ముందు రోజు మధ్యాహ్నం ఇంట్లో భోజనం కాగానే నాయనను అదే ఆసుపత్రిలో చేర్పించి, గది బయట కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. అమ్మను రానివ్వలేదు. నర్సుకు చెప్పి గదిలో బిస్కెట్ ముక్క కూడా లేకుండా చూశాడు. లోపలికి వెళ్ళిన బయటి మనిషి ఒక్కడే, దాదా ఖలందర్.

ఖలందర్ ఆళ్ళగడ్డలో లారీలకు టార్పాలిన్లు కుడతాడు. మీసాలు మొలవని రోజుల నుంచీ శేషయ్యకు స్నేహితుడు. సాయంత్రం ఆ దారిన పోయే లారీ ఎక్కి చూడడానికి వచ్చాడు. పది మాటలు మాట్లాడాడు, నవ్వించాడు. లేచేటప్పుడు అతని చెయ్యి దుప్పటి కిందికి పోయి ఖాళీగా బయటికి రావడం తలుపు సందులోంచి సురేష్ కంట పడింది. లోపలికి వెళ్ళి దుప్పటి ఎత్తి చూస్తే ఏమీ లేదు. నాయన మాత్రం గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

తెల్లారింది. వార్డులోనే, నర్సు ఎదుటే శేషయ్య కక్కాడు. మళ్ళీ మెతుకులే.

"మీరు వేరే ఆసుపత్రి చూసుకోండి," అన్నాడు డాక్టరు. ఈసారి అరవను కూడా అరవలేదు.

సురేష్ నాయనను ఇంట్లో దించి, నేరుగా ఆళ్ళగడ్డలో ఖలందర్ కొట్టు ముందు బండి ఆపాడు. ఖలందర్ నేల మీద పరిచిన టార్పాలిన్ మధ్య కూర్చుని దబ్బనంతో అంచు కుడుతున్నాడు.

"చిన్నాయనా, నిన్న దుప్పటి కింద ఏం పెట్టినావ్?"

"ఏందిరా, వస్తానే పోలీసోడి మాదిరి?"

"ఏం పెట్టినావో చెప్పు."

"అది నాకూ మీ నాయనకూ ఉండే యవ్వారం. నీకు చెప్పేది లేదు."

"నువ్వు తినిపించి ఆయప్ప ప్రాణం తీస్తాండావు. తెలుస్తాండాదా నీకు?"

ఖలందర్ చేతిలో దబ్బనం ఆగింది. "నేనా? శేషన్న ప్రాణమా?"

"మా ఇంటి గడప తొక్కాకు ఇంగ."

ఖలందర్ టార్పాలిన్ మీదికి వంగాడు. దారం పంటితో కొరికి తెంపి, ముడి వేసి, మళ్ళీ కుట్టడం మొదలుపెట్టాడు. ఆ మౌనమే సురేష్‌కు రుజువులా కనిపించింది.

ఆ వారంలోనే నొప్పి మళ్ళీ వచ్చింది. శేషయ్య మంచం పట్టె పట్టుకుని మెలికలు తిరిగాడు, ఒళ్ళు కాలిపోయింది. నంద్యాలలో ఇంకో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. సూదిమందులతో నొప్పి, జ్వరం తగ్గించి, ఆపరేషన్‌కు దగ్గరి తేదీ ఇచ్చారు. "ఇంకా ఆలస్యం చేస్తే మా చేతుల్లో ఉండదు," అని ముందే చెప్పారు.

బయటికి వచ్చాక సురేష్ భార్య సుప్రజ అడిగింది. "ముందు రెండుసార్లు కక్కిన సంగతి ఈ డాక్టర్లకు చెప్పినావా?"

"చెప్తే వీళ్ళు గూడ తరుముతారు. యాడికి పోదాం? ఈసారి అట్ల జరగదులే. నేను సూసుకుంటా."

ఆపరేషన్‌కు ముందు రోజు పొద్దున్నే అతను ఇంటి ముందు గదిలో, శేషయ్య మంచానికి ఎదురుగా గోడ మీద కెమెరా బిగించాడు. బొమ్మ నేరుగా అతని ఫోన్‌లోకి, సుప్రజ ఫోన్‌లోకి వస్తుంది. జరిగిందంతా వెనక్కి తిప్పి చూసుకోవచ్చు.

శేషయ్య తలెత్తి చూశాడు. "దాన్ని పోయి గొడ్ల కొట్టంలో పెట్టుకో. పాలు ఎవరు పిండుకుంటాండారో తెలుస్తాది."

"నీ మంచికే నాయనా."

"నా మంచి నాకు తప్ప ఊర్లో అందరికీ తెలుసు."

దుకాణంలో కూర్చుని సురేష్ మాటిమాటికీ ఫోన్ చూశాడు. మధ్యాహ్నం అమ్మ పళ్ళెం తెచ్చింది. రాగి సంగటి, అలసందల పులుసు, వేరుశనగ ఊరుబిండి పచ్చడి. ఆమె మాట కూడా వినిపించింది. "రేపంతా పస్తుండాల. సంగటి తిను. అన్నం మాదిరి కాదు, కడుపులో గట్టిగా నిలబడ్తాది." శేషయ్య వద్దంటున్నా ఇంకో ముద్ద పెట్టింది. డాక్టరు ఆపమన్నది రాత్రి నుంచి కదా, ఇది మధ్యాహ్నం, తప్పు లేదనుకున్నాడు సురేష్. ఆపరేషన్ అనగానే ఆమె ప్రతిసారీ ముందు రోజు ఇలాగే దట్టంగా పెట్టేది. పస్తుండబోయే మనిషికి మరి కొంచెం ఎక్కువ పెట్టని ఇల్లు ఆ చుట్టుపక్కల లేదు.

సాయంత్రం ఫోన్‌లో ఒక విచిత్రం కనిపించింది. శేషయ్య అటూ ఇటూ చూసి, దిండు గలీబులోంచి చిన్న రేకు డబ్బా తీశాడు. చిటికెడు పొడి ముక్కులోకి పీల్చి, ఆనందంగా తుమ్మి, డబ్బా మళ్ళీ దాచాడు.

ముక్కుపొడి. కొండమ్మ గొడవపడి మాన్పించిన ముక్కుపొడి.

దుప్పటి కిందికి పోయిన చెయ్యి సురేష్‌కు గుర్తొచ్చింది. అయితే ఖలందర్ తిండి పెట్టలేదు. మరెవరు పెట్టినట్టు?

రాత్రి శేషయ్య గ్లాసు మజ్జిగ తాగాడు, అంతే. మరుసటి రోజు పొద్దున్న కారుకు డ్రైవరును పెట్టి, నాయన పక్కన సురేష్ కూర్చున్నాడు. ఇంటి దగ్గర సుప్రజ రాత్రి రికార్డింగంతా ముందుకు పరిగెత్తించి చూసి ఫోన్ చేసింది. "ఎవరూ రాలేదు. మామ మంచం దిగింది రెండుసార్లు బాత్రూముకే. ఏం తినల్యా."

ఇన్ని రోజుల్లో మొదటిసారి సురేష్‌కు గుండె తేలికపడింది.

కొత్త ఆసుపత్రిలో మత్తు డాక్టరు పేరు శాంసన్. థియేటర్ పక్క గదిలో శేషయ్య నాడి చూస్తూ అడిగాడు. "ఇంతకు ముందు మత్తు ఇవ్వబోతే ఏమైనా ఇబ్బంది వచ్చిందా? వాంతులు, ఇంకేమైనా?"

"లేదు సార్," అన్నాడు సురేష్.

శేషయ్య తల తిప్పి కొడుకు ముఖంలోకి చూశాడు. శాంసన్ అతన్నే మళ్ళీ అడిగాడు. "ఏమయ్యా పెద్దాయనా, అంతేనా?"

"నా కొడుకు చెప్పినాడు గదా సార్. మా ఇంట్లో వాడు చెప్పిందే నిజం."

శాంసన్ చేతిలోని కాగితం మీద ఏదో రాసుకుని లేచాడు. శేషయ్యకు ఆకుపచ్చ గౌను వేయించడానికి లోపలికి తీసుకెళ్ళారు. కాసేపటికి ఒక ఆయమ్మ వచ్చి, విడిచిన పంచె, చొక్కా, తువ్వాలు ఒక కవర్లో పెట్టి సురేష్ చేతికిచ్చింది.

కవరు తడిగా ఉంది. తువ్వాలు ఉండలా చుట్టి ఉంది. సురేష్ విప్పాడు.

పుల్లటి వాసన గుప్పుమంది. తువ్వాలు మధ్యలో గోధుమరంగు సంగటి, పొట్టు కూడా ఊడని అలసందలు.

ముందు వచ్చింది కోపమే. మళ్ళీ తిన్నాడు! ఇంత కాపలా పెట్టినా తిన్నాడు! తిని, లోపల బట్టలు మార్చుకునేటప్పుడు కక్కి, తిడతారని తువ్వాల్లో చుట్టి దాచిపెట్టాడు!

కానీ ఎక్కడ తిన్నాడు? ఎప్పుడు తిన్నాడు? కెమెరా ముందు తినలేదు. కారులో తినలేదు. సుప్రజకు ఫోన్ చేశాడు.

"ఇంట్లో అలసందలు ఎప్పుడు వండినారు?"

"ఆపరేషన్ జరిగేతప్పుడు వంటల సంగతి ఎందుకయ్యా నీకు?"

"చెప్పే బేగా!"

"నిన్న మధ్యాన్నం. అత్త చేసింది."

"రాత్రి మిగల్యా? పొద్దున నాయన చేతికి దొరకల్యా?"

"మిగిలింది మధ్యాన్నమే కుక్కకు పెట్టినా. గిన్నె గూడ తోమినా. ఏమైంది?"

అతను ఫోన్ పెట్టేశాడు. భార్య మాట కూడా చాలలేదు అతనికి. ఫోన్‌లో రికార్డింగ్ తెరిచి వెనక్కి తిప్పాడు. నిన్న మధ్యాహ్నం. పళ్ళెం. అమ్మ చేతిలో గరిటె. వద్దంటున్న నాయన. ఇంకో ముద్ద. ఆ తర్వాత ఈ పొద్దుటి వరకూ గదిలోకి తిండి అనేదే రాలేదు.

తిండి తెచ్చే దొంగ కోసం వెతికాడు ఇన్నాళ్ళూ. దొంగ లేడు. తువ్వాల్లో ఉన్నది నిన్నటి అలసందలు. సగం పగలు, రాత్రంతా గడిచినా అవి నాయన పొట్టలోంచి కదలనే లేదు. అంటే మొదటిసారీ అంతే. రెండోసారీ అంతే. అంటే పొట్టలో ఇంకా మిగిలే ఉంది. అంటే...

మత్తులో ఉన్న మనిషికి దగ్గు రాదు.

సురేష్ పరిగెత్తాడు. తలుపు దగ్గర ఆయమ్మ అడ్డం వచ్చింది. "ఏమప్పా, చెప్పులతో యాడికి?" ఆమెను తప్పించుకుని రెండు చేతులతో థియేటర్ తలుపు బాదాడు.

"ఆపండి! సార్! మత్తు ఇవ్వొద్దండి! కడుపు నిండా ఉంది!"

తలుపు తెరుచుకుంది. శాంసన్ చేతిలో సిరంజి ఉంది. సురేష్ ఆయాసపడుతూ తువ్వాలు ముందుకు చాచాడు. "నిన్న మధ్యాహ్నం తిన్నది సార్ ఇది. ఇప్పుడు కక్కినాడు. ముందు గూడ రెండుసార్లు... నేనే మీకు అబద్ధం చెప్పినా."

శాంసన్ సిరంజి ట్రేలో పెట్టేశాడు. అతని ముఖం ఎర్రబడింది. ఒక్క మాట మాత్రం అన్నాడు. "నాతో చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేదే కాదు."

స్కాన్ మిషన్ తోసుకొచ్చి శేషయ్య పొట్ట మీద ఆనించాడు. తెర మీద ఖాళీగా ఉండవలసిన సంచి బూడిద రంగు ముద్దతో బిర్రుగా కనిపించింది.

"పెద్దాయనా, షుగర్ ఎన్నేళ్ళు?"

"ఇరవై అయింటాది సార్."

"రెండు ముద్దలకే కడుపు నిండినట్టు ఉంటుందా?"

"ఉంటాది."

"పొద్దున తేన్పు వస్తే ముందు రోజు కూర వాసన వస్తుందా?"

"వస్తాది సార్. ఏం కూరో గూడ చెప్పొచ్చు."

"ఇన్సులిన్ వేసుకుని తిన్నాక కూడా షుగర్ పడిపోతుందా?"

శేషయ్య బల్ల మీద మోచేతుల మీద లేవబోయాడు.  "పడిపోతాది సార్. తిన్నా పడిపోతాది. తినలేదని వీళ్ళు తిడ్తారు. ఈ మాటలు నన్ను ఇంతవరకూ ఎవరూ అడగల్యా."

పిత్తాశయం ఆపరేషన్ చేయవలసిన డాక్టరుతో మాట్లాడి వచ్చాక, శాంసన్ బయట బెంచీ మీద సురేష్ పక్కన కూర్చున్నాడు.

"పొట్ట ఉత్త సంచి కాదు. కండరం. తిన్నదాన్ని నలిపి, మెత్తగా చేసి, కొంచెం కొంచెంగా పేగులోకి తోస్తుంది. తొయ్యమని దానికి చెప్పేది ఒక నరం. ఏళ్ళ తరబడి షుగర్ ఎక్కువగా ఉంటే ఆ నరం దెబ్బతింటుంది. అప్పుడు పొట్ట బద్ధకంగా పడి ఉంటుంది. దీన్ని గ్యాస్ట్రోపరేసిస్ అంటారు. అదే అయ్యుంటుందని నా అనుమానం. దారిలో అడ్డం ఏమీ లేదని ముందు ఎండోస్కోపీతో చూసుకోవాలి. తర్వాత కర్నూలు పంపిస్తాం. ఇడ్లీలో కొంచెం మందు కలిపి తినిపించి, అది ఎంతసేపు పొట్టలో ఉంటుందో గంట గంటకూ ఫొటోలు తీస్తారు."

"మరి షుగర్ పడిపోయేది?"

"ఇన్సులిన్ వేళకు పని చేస్తుంది. అన్నం వేళకు కిందికి దిగదు. షుగర్ పడిపోతుంది. మీరు చక్కెర పోస్తారు. ఆ తర్వాత ఎప్పుడో అన్నం దిగుతుంది. అప్పుడు ఒకేసారి పెరుగుతుంది. ఇక సంగటి, అలసందలు, వేరుశనగ. పీచు, నూనె. ఆరోగ్యంగా ఉన్నవాడికి బలం. ఈయన పొట్టకు బండరాళ్ళు."

"నయమవుతాదా సార్?"

"ముందు ఈ గండం దాటించనివ్వండి," అన్నాడు శాంసన్.

ముక్కులోంచి గొట్టం వేసి పొట్టలో ఉన్నది తీశారు. ఎండోస్కోపీలో అడ్డమేమీ కనబడలేదు. పలచటి ద్రవాలు తప్ప ఏమీ ఇవ్వకుండా ఆసుపత్రిలోనే ఉంచి, మళ్ళీ స్కాన్ తీసి, పొట్ట ఖాళీ అని కళ్ళారా చూశాకే శాంసన్ మత్తు ఇచ్చాడు. చీము పట్టడం మొదలైన పిత్తాశయం బయటికి వచ్చింది. శేషయ్య బతికాడు.

కర్నూలు ఫొటోలు కూడా శాంసన్ చెప్పిందే చెప్పాయి. నయం కావడం గురించి మాత్రం అక్కడి డాక్టరు పెదవి విరిచాడు. మాత్రలు ఉన్నాయి, కొంత పనిచేస్తాయి. దెబ్బతిన్న నరం మళ్ళీ మునుపటిలా కావడం కష్టం. కొంచెం కొంచెంగా, మెత్తగా, రోజుకు ఆరుసార్లు తినాలి. తిన్నాక పడుకోకూడదు, నడవాలి. ఇన్సులిన్ ఎప్పుడు వేసుకోవాలో మళ్ళీ లెక్క కట్టుకోవాలి. అంతా చేసినా కొన్ని రోజులు వాంతులు ఆగవు.

ఇల్లు చేరాక పేచీ మళ్ళీ మొదలైంది. కొండమ్మ గిన్నెలో పలచటి బియ్యం జావ తెచ్చి ముందు పెట్టింది.

"ఇది కూడా కూడేనా?" అన్నాడు శేషయ్య. "గోడకు పూసుకోవచ్చు."

"నేనేం జేతును? సంగటి పెట్టి సంపుతాంటినని డాక్టరు అన్నె."

"అమ్మా, ఆయన అట్ల అనల్యా," అన్నాడు సురేష్.

"అనకపోయినా అదే గదరా!" ఆమె చెంగుతో ముక్కు తుడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది.

శేషయ్య రెండు చెంచాలు తాగి గిన్నె పక్కన పెట్టాడు. కడుపు నిండిపోయింది. ఆకలి మాత్రం తీరలేదు. ఆ రెండూ ఒకేసారి ఎలా ఉంటాయో ఎవరికి చెప్పినా అర్థం కాదని అతనికి తెలిసిపోయింది. గోడ మీది కెమెరా వైపు వేలు చూపించాడు.

"దాన్ని పీకెయ్."

సురేష్ స్టూలు ఎక్కి స్క్రూలు విప్పడం మొదలుపెట్టాడు. "నాయనా, ఈ కెమెరా ఉండబట్టే తెలిసింది గదా. లేకుంటే..."

"అదేరా నేననేది. నేను చెప్పినా, నమ్మల్యా. సామి మీద ఒట్టు పెట్టినా, నమ్మల్యా. గోడకుండే డబ్బా చెప్తే నమ్మినావ్."

సురేష్ చెయ్యి ఆగింది. చివరి స్క్రూ విప్పి కెమెరాను చేతిలోకి తీసుకున్నాడు. అదే సమయంలో వాకిట్లో దగ్గు వినిపించింది.

దాదా ఖలందర్ గడప అవతలే నిలబడ్డాడు. సురేష్ అంతకు ముందు రోజు కొట్టుకు వెళ్ళి, టార్పాలిన్ అంచున చాలాసేపు కూర్చుని, తప్పు తనదేనని నాలుగు ముక్కల్లో చెప్పి వచ్చాడు. ఖలందర్ ఆ రోజు కూడా తలెత్తకుండా కుడుతూనే ఉన్నాడు.

"రా ఖలందరూ," అన్నాడు శేషయ్య. "ఆడే నిలబడితివే?"

"గడప తొక్కొద్దన్నారు గదప్పా."

"చిన్నాయనా..." సురేష్ స్టూలు దిగి, ఒక చేతిలో కెమెరా, ఒక చేతిలో స్క్రూడ్రైవరుతో గుమ్మం దాకా వచ్చాడు.

ఖలందర్ అతన్ని పైనుంచి కిందిదాకా చూశాడు. రెండు చేతులూ పైకెత్తి, చొక్కా జేబులు కనబడేలా ఛాతీ ముందుకు పెట్టి నిలబడ్డాడు.

"సోదా చేసుకోరా. చేసినాకనే లోపలికొస్తా."

శేషయ్య పకపకా నవ్వబోయి, కుట్లు లాగి, పొట్ట పట్టుకున్నాడు. ఖలందర్ నవ్వలేదు. చేతులు దించలేదు. రెండు చేతులూ నిండుగా ఉన్న సురేష్ అతని ఎదుట అలాగే నిలబడిపోయాడు.